లేని షేర్లు అమ్మి అప్పగించలేకపోతే బ్రోకరు బాధ్యత ఎంతవరకు?

తన వద్ద లేని షేర్లను ముందుగా అమ్మి, ధర పడిన తరువాత వాటిని కొని, ఆ వ్యత్యాసాన్ని లాభంగా తీసుకునే వ్యాపార పద్ధతిని షార్ట్ సెల్లింగ్ అంటారు. సాధారణ వ్యాపారంలో కొనుగోలు ముందు, అమ్మకం తరువాత. ఇందులో ఆ వరుస తిరగబడుతుంది. షేరు కొని ఉంచుకున్నవానికి గరిష్ఠ నష్టం అతడు పెట్టిన సొమ్మే. ధర సున్నా కంటే కిందికి పోదు గనుక నష్టం అక్కడితో ఆగుతుంది. లేని షేరును అమ్మినవాని నష్టానికి మాత్రం పైహద్దు లేదు. ధర ఎంత పెరిగితే అంత ధరకు కొని అప్పగించవలసినదే.

చేతి ఫోనులోనే షేర్ల వ్యాపారం సాగుతున్న ఈ రోజులలో ఇది బొంబాయి వ్యాపారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. హోసూరు, బళ్లారి, రాయచూరు, రాయగడ, పర్లాకిమిడి, నాందేడు, యానాం వంటి చోట్ల కూడా చదువుకున్న యువకులు ఈ వ్యాపారంలో దిగుతున్నారు. అమ్మిన షేర్లను అప్పగించలేకపోతే ఏమవుతుంది? బ్రోకరు భరిస్తాడా, ఖాతాదారు భరించాలా? ఖాతాలోని సొమ్ము చాలకపోతే ఇంటిల్లిపాది మీదికి వస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం వ్యాపారం మొదలుపెట్టక ముందే తెలిసి ఉండడం మంచిది.

సంక్షిప్తంగా చెప్పాలంటే, మార్కెట్టుకు బ్రోకరు జవాబుదారీ. బ్రోకరుకు ఖాతాదారు జవాబుదారీ. ఈ రెండు మాటలకు వెనుక ఉన్న నియమాలను కింద చూడవచ్చు.

మార్కెట్టు దృష్టిలో అమ్మినవాడు బ్రోకరే

స్టాక్ ఎక్స్ఛేంజీలో కొన్నవారికి అమ్మినవారెవరో తెలియదు, అమ్మినవారికి కొన్నవారెవరో తెలియదు. ఇద్దరి మధ్య క్లియరింగ్ కార్పొరేషన్ అనే సంస్థ నిలబడి, కొన్నవారికి అమ్మకందారుగాను, అమ్మినవారికి కొనుగోలుదారుగాను వ్యవహరిస్తుంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెందిన క్లియరింగ్ కార్పొరేషన్ 1995లో ఏర్పడి, 1996 ఏప్రిల్ నుండి ఈ పనిని నిర్వహిస్తున్నది.

ఈ సంస్థకు లెక్కలోనికి వచ్చేది సభ్యుడైన బ్రోకరే. ఖాతాదారు షేర్లు ఇవ్వలేదనో, సొమ్ము కట్టలేదనో చెప్పి బ్రోకరు తన బాధ్యతను తప్పించుకొనడానికి నియమాలు ఒప్పుకోవు. పత్తి యార్డులో అడ్తీదారుకు ఉండే పూచీ వంటిదే ఇది. రైతుకు డబ్బు చెల్లించవలసింది అడ్తీదారే. సరుకు తీసుకున్న వ్యాపారి నుండి అతడు ఎప్పుడు రాబట్టుకుంటాడన్నది వారిద్దరి సంగతి. ఇక్కడ పూచీ ఇంకా గట్టిది. ఎక్స్ఛేంజీ నియమావళిలో అది రాతపూర్వకంగా ఉన్నది, దాని వెనుక బ్రోకరు ముందుగా కట్టిన డిపాజిట్లు ఉన్నాయి.

షేర్లు అందని నాడు జరిగేది

మన దేశంలో 2023 జనవరి 27 నుండి అన్ని షేర్ల లావాదేవీలు మరుసటి పనిదినానికే పరిష్కారమవుతున్నాయి. సోమవారం అమ్మిన షేర్లు మంగళవారం అందాలి. చిన్న మదుపుదారులు నగదు విభాగంలో షార్ట్ సెల్లింగ్ చేస్తే సామాన్యంగా ఆ రోజే తిరిగి కొని లెక్క సరిచేసుకుంటారు. దీనినే స్క్వేర్ ఆఫ్ అంటారు. అలా కొనలేకపోతే మరుసటి రోజు షేర్లు అప్పగించవలసిన వేళకు ఖాతా ఖాళీగా ఉంటుంది.

ఆ రోజే క్లియరింగ్ కార్పొరేషన్ తక్కువపడిన షేర్ల విలువను బ్రోకరు ఖాతా నుండి మినహాయించుకొని, ఆ షేర్ల కోసం వేలం నిర్వహిస్తుంది. వేలంలో దొరికిన షేర్లు ఆ మరుసటి పనిదినానికి కొనుగోలుదారుకు చేరుతాయి. వేలంలో ఎవరూ షేర్లు ఇవ్వడానికి ముందుకు రాకపోతే నగదు రూపంలో లెక్క ముగిస్తారు. దీనికి క్లోజ్ అవుట్ అని పేరు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ పద్ధతిలో సాధారణ షేర్లకు క్లోజ్ అవుట్ ధర ఇలా నిర్ణయమవుతుంది: అమ్మిన రోజు నుండి వేలం రోజు వరకు పలికిన అత్యధిక ధర, లేదా వేలం రోజు ముగింపు ధరపై 20 శాతం అదనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

ఒక లెక్క

ఒక షేరు ముందురోజు ముగింపు ధర 200 రూపాయలు అనుకుందాం. ఆ షేరుకు రోజువారీ హెచ్చుతగ్గుల పరిమితి 10 శాతం. ఒక ఖాతాదారు 500 షేర్లను 204 రూపాయల వంతున, తన వద్ద లేకుండానే అమ్మాడు. అమ్మకం విలువ 1,02,000 రూపాయలు. ఇందుకు 20 శాతం మార్జిన్‌గా 20,400 రూపాయలు ఖాతాలో ఉన్నాయి.

మధ్యాహ్నం ఆ కంపెనీ గురించి మంచి వార్త వచ్చి ధర 220 రూపాయలకు, అంటే పైపరిమితికి చేరింది. ఆ ధరకు కొనేవారే గాని అమ్మేవారు లేరు. ఖాతాదారు ఆర్డరు పెట్టినా, బ్రోకరు పెట్టినా షేర్లు దొరకవు. స్టాప్ లాస్ పెట్టి ఉన్నా అమ్మేవారు లేనప్పుడు అది పనిచేయదు. మరునాడు ధర మరో 10 శాతం పెరిగి 242 రూపాయల వద్ద ముగిసింది. వేలంలోనూ షేర్లు రాలేదు. 242పై 20 శాతం కలిపితే 290 రూపాయల 40 పైసలు. 500 షేర్లకు 1,45,200 రూపాయలు.

అమ్మగా వచ్చిన 1,02,000 రూపాయలు పోగా నష్టం 43,200. మార్జిన్ 20,400 తీసివేయగా మిగిలిన లోటు 22,800. జరిమానాలు, పన్నులు, బ్రోకరు రుసుములు దీనికి అదనం. ఈ 22,800 రూపాయలను మార్కెట్టుకు ముందుగా చెల్లించేది బ్రోకరు. తరువాత అతడు వసూలు చేసుకునేది ఖాతాదారు నుండి. ఖాతాలో ఉన్న సొమ్ము పోతే అంతటితో సరి అన్న భావన తప్పని ఈ లెక్క చెబుతున్నది.

తెలియకుండానే షార్ట్ అయ్యేవారు

కావాలని లేని షేర్లు అమ్మినవారు మాత్రమే వేలం పాలవుతారని అనుకోరాదు. ఈ రోజు కొన్న షేర్లను ఖాతాలోనికి రాకముందే మరునాడు అమ్మేవారు ఉన్నారు. వారికి అమ్మినవారు షేర్లు అప్పగించకపోతే వీరి అమ్మకం కూడా లోటుపడి, వేలానికి పోవచ్చు.

ఆప్షన్ల వ్యాపారంలోనూ ఇటువంటి ప్రమాదం ఉన్నది. షేర్లపై ఫ్యూచర్లు, ఆప్షన్లు 2019 అక్టోబరు నుండి పూర్తిగా షేర్ల అప్పగింతతోనే ముగుస్తున్నాయి. షేర్లు లేకుండా కాల్ ఆప్షన్ అమ్మి, గడువు తేదీ వరకు అలాగే ఉంచినవారు, ఆ కాల్ లాభంలో ముగిస్తే షేర్లు అప్పగించవలసినదే.

షేర్లను అద్దెకు తెచ్చుకొని అప్పగించే మార్గం ఒకటి ఉన్నది. షేర్ల అరువు విభాగం 2008 ఏప్రిల్‌లో మొదలయింది. అందులో అన్ని షేర్లూ దొరకవు. అవసరమైన వేళ, అవసరమైన సంఖ్యలో దొరుకుతాయన్న హామీ లేదు.

నియమాల పూర్వాపరాలు

షార్ట్ సెల్లింగ్ విషయంలో సెబీ విధానం కాలానుగుణంగా మారుతూ వచ్చింది. 2001 మార్చిలో మార్కెట్టు కుప్పకూలినప్పుడు సెబీ దానిని నిషేధించింది. అదే సంవత్సరం జులైలో బదలా పద్ధతికి కూడా స్వస్తి చెప్పింది. 2007 డిసెంబరులో సంస్థాగత మదుపుదారులతో సహా అన్ని వర్గాలవారికి షార్ట్ సెల్లింగ్‌ను అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2024 జనవరిలో ఈ నిబంధనలను మరొకసారి వెల్లడించింది. వాటి ప్రకారం అప్పగింత ఏర్పాటు లేకుండా అమ్మి వదిలివేయడానికి అనుమతి లేదు. అమ్మినవారందరూ పరిష్కార సమయానికి షేర్లు అప్పగించి తీరాలి.

బ్రోకరు ముందుగా చేయవలసినవి

బ్రోకరు బాధ్యత నష్టం వచ్చిన తరువాత మొదలయ్యేది కాదు. ఆర్డరు తీసుకోకముందే మార్జిన్ వసూలు చేయడం అతని విధి. పూర్వం కొందరు బ్రోకర్లు చేతిలోని సొమ్ముకు పది, ఇరవై రెట్ల వ్యాపారం చేయనిచ్చేవారు. 2020 డిసెంబరు నుండి 2021 సెప్టెంబరు వరకు సెబీ దశలవారీగా ఈ వెసులుబాటును కట్టడి చేసింది. ఇప్పుడు నగదు విభాగంలో కనీసం 20 శాతం మార్జిన్ ముందుగానే ఉండాలి. హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే షేర్లకు ఇంకా ఎక్కువ కావాలి.

మార్జిన్ తక్కువగా వసూలు చేసిన బ్రోకరుపై జరిమానా పడుతుంది. అయితే అతని తప్పిదం వల్ల ఖాతాదారు అప్పు దానంతట అదే రద్దు కాదు. వివాదం విచారణకు వచ్చినప్పుడు ఎత్తిచూపదగిన అంశం మాత్రం అవుతుంది.

మార్జిన్ చాలనప్పుడు ఖాతాదారు వ్యాపారాన్ని తానే ముగించే హక్కు బ్రోకరుకు ఉన్నది. ఇది బ్రోకరు తన రక్షణ కోసం ఉంచుకున్న హక్కు. సాయంత్రం బ్రోకరే ముగిస్తాడులే అని నిశ్చింతగా ఉండడం పొరపాటు. పైపరిమితికి చేరిన షేరును బ్రోకరు కూడా కొనలేడు.

ఒక ఖాతాదారు లోటును మరొక ఖాతాదారు షేర్లతో పూడ్చడానికి బ్రోకరుకు ఎంతమాత్రం అధికారం లేదు. 2020 సెప్టెంబరు నుండి మార్జిన్ కోసం ఇచ్చే షేర్లు ఖాతాదారు డీమ్యాట్ ఖాతాలోనే తాకట్టు గుర్తుతో ఉంటాయి. ఖాతాదారు ఓటీపీ ద్వారా సమ్మతి తెలిపితేనే ఆ తాకట్టు చెల్లుతుంది.

ఖాతాదారు నుండి రాబట్టుకునే హక్కు

ఖాతాదారు తరఫున బ్రోకరు ఏజెంటుగా వ్యవహరిస్తాడు. ఏజెంటు తనకు ఇచ్చిన అధికారం మేరకు చట్టబద్ధంగా చేసిన పనుల వల్ల కలిగే నష్టం నుండి అతనిని యజమాని కాపాడవలెనని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 222వ సెక్షన్ చెబుతున్నది. ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకునే హక్కులు, బాధ్యతల పత్రంలో కూడా బ్రోకరు వ్యాపారాన్ని ముగించినందువల్ల కలిగే నష్టాలు ఖాతాదారువే అని ఉంటుంది.

కనుక లోటును బ్రోకరు ముందుగా ఖాతాలో ఉన్న నగదు నుండి, తరువాత తాకట్టులో ఉన్న షేర్లను అమ్మి వసూలు చేస్తాడు. ఇంకా మిగిలితే వడ్డీతో అడుగుతాడు, ఇవ్వకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళతాడు. ఇది డబ్బు తగాదా మాత్రమే. బాకీ ఉన్నంత మాత్రాన అది నేరం కాదు, అరెస్టు చేయిస్తామన్న బెదిరింపులకు భయపడనక్కరలేదు. ఖాళీ చెక్కుపై సంతకం చేసి ఇచ్చినవారి సంగతి వేరు. ఆ చెక్కు చెల్లకుండా తిరిగివస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేసే అవకాశం ఉన్నది. ఖాళీ చెక్కులు ఎవరి చేతికీ ఇవ్వరాదు.

బ్రోకరే భరించవలసిన సందర్భాలు

ఖాతాదారు ఆర్డరు ఇవ్వకుండా బ్రోకరు లేదా అతని మనిషి అమ్మిన షేర్ల నష్టం ఖాతాదారుది కాదు. ఆర్డరు వచ్చినట్లు రుజువు ఉంచుకోవలసింది బ్రోకరే. ఫోను సంభాషణ రికార్డు, సంతకం చేసిన కాగితం, ఈమెయిల్, సంక్షిప్త సందేశం, ఇంటర్నెట్ లాగ్ వంటి ఏదో ఒక ఆధారం ఉండాలని సెబీ నిబంధన. 2018 ఏప్రిల్ నుండి ఇది అమలులో ఉన్నది. వివాదం వచ్చినప్పుడు ఆ ఆధారాన్ని బ్రోకరు చూపాలి.

చిన్న పట్టణాలలో బ్రోకరు తరఫున పనిచేసేవారిని ఇప్పటికీ సబ్‌బ్రోకరు అని పిలుస్తుంటారు. సెబీ ఆ వర్గాన్ని 2019 మార్చితో ముగించింది. ఇప్పుడు వారు అధీకృత వ్యక్తులు. వారు చేసిన పనులకు, చేయక విడిచిన పనులకు బ్రోకరే బాధ్యుడు. స్థానిక ఏజెంటు చేసిన దానితో మాకు సంబంధం లేదని బ్రోకరు కార్యాలయం చెబితే ఆ మాట చెల్లదు. అయితే ఏజెంటు సొంత బ్యాంకు ఖాతాకు పంపిన సొమ్ము విషయంలో రుజువు కష్టమవుతుంది. సొమ్మును బ్రోకరు పేరిట ఉన్న ఖాతాకే పంపాలి.

బ్రోకరే చేతులెత్తేస్తే

బ్రోకరు తన బాధ్యతను తీర్చలేకపోతే ఎక్స్ఛేంజీ అతని టెర్మినల్‌ను నిలిపివేసి, డిపాజిట్లను వాడుకొని, ఎగవేతదారుగా ప్రకటిస్తుంది. అప్పటికీ లోటు మిగిలితే క్లియరింగ్ కార్పొరేషన్ సెటిల్‌మెంట్ గ్యారంటీ నిధి ఆదుకుంటుంది. కొన్న అపరిచితుడు అందువల్ల నష్టపోడు. ఈ పూచీ విలువ 2001 మార్చిలో కలకత్తా స్టాక్ ఎక్స్ఛేంజీలో కొందరు బ్రోకర్లు చెల్లింపులు జరపలేకపోయినప్పుడు దేశమంతటికీ తెలిసింది. ఒకనాడు మన ప్రాంతాల వారికి దగ్గరగా ఉన్న హైదరాబాదు, బెంగళూరు, మద్రాసు ఎక్స్ఛేంజీలు ఇప్పుడు పనిచేయడం లేదు. వ్యాపారమంతా జాతీయ ఎక్స్ఛేంజీలకు మళ్లింది.

బ్రోకరు తప్పు చేస్తే ఖాతాదారులకు కలిగే ఇబ్బంది మరొక రకం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు జారీ చేసింది. ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందన్నది ఆ సంస్థపై ప్రధాన అభియోగం. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ దానిని ఎగవేతదారుగా ప్రకటించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ తుది ఉత్తర్వు ద్వారా ఆ సంస్థను 7 సంవత్సరాలు మార్కెట్టు నుండి నిషేధించింది. ఎగవేతదారుగా ప్రకటితమైన బ్రోకరు ఖాతాదారులకు మదుపుదారుల రక్షణ నిధి నుండి పరిమితికి లోబడి పరిహారం అడిగే హక్కు ఉన్నది. సొంత వ్యాపారంలో వచ్చిన నష్టానికి మాత్రం ఆ నిధి వర్తించదు.

డబ్బా వ్యాపారంలో పూచీ లేదు

ఎక్స్ఛేంజీతో నిమిత్తం లేకుండా, ధరలు మాత్రం అక్కడివి చూసుకొని, సొంత పుస్తకంలో లెక్కలు రాసుకునే వ్యాపారాన్ని డబ్బా అంటారు. ఇందులో మార్జిన్ తక్కువ, పన్ను లేదు అని ఆశ చూపుతారు. ఇది 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ క్లియరింగ్ కార్పొరేషన్ లేదు, వేలం లేదు, గ్యారంటీ నిధి లేదు. గెలిచిన సొమ్ము ఇవ్వకపోయినా సెబీకి గాని, ఎక్స్ఛేంజీకి గాని ఫిర్యాదు చేసి రాబట్టుకునే దారి లేదు. కాంట్రాక్టు నోటు రాని వ్యాపారం ఏదైనా అనుమానించదగినదే.

కుటుంబంపై పడే బాధ్యత

వయసు వచ్చిన కుమారుడు తన పేరిట ఉన్న ఖాతాలో చేసిన అప్పుకు తల్లిదండ్రులు గాని, భార్య గాని పూచీకత్తు సంతకం చేయనంతవరకు బాధ్యులు కారు. అతడు మరణిస్తే వారసుల బాధ్యత వారికి అతని నుండి సంక్రమించిన ఆస్తి మేరకే ఉంటుంది. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం వచ్చిన తరువాత చేసిన తండ్రి అప్పును కేవలం కుమారుడైన కారణంగా తీర్చాలని కోర్టులు అడగవు.

పల్లెలలో ఎక్కువగా జరుగుతున్నది ఇందుకు భిన్నమైనది. ఖాతా తండ్రి పేరిట లేదా తల్లి పేరిట ఉంటుంది, ఫోను కుమారుని చేతిలో ఉంటుంది. పాస్‌వర్డు, ఓటీపీ తామే ఇచ్చిన తరువాత ఆర్డరు మేము పెట్టలేదంటే నమ్మించడం కష్టం. లోటు వస్తే బ్రోకరు అడిగేది ఖాతా ఎవరి పేరిట ఉన్నదో వారినే. ఆ పేరిట పొలం ఉంటే, ఆర్బిట్రేషన్ తీర్పు అమలులో అది కూడా జప్తుకు లోబడవచ్చు.

వివాదం వచ్చినప్పుడు

ముందుగా బ్రోకరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆర్డరు రుజువు, వేలం వివరాలు, మార్జిన్ లెక్క, ఖాతా లెడ్జరు అడగాలి. సమాధానం తృప్తికరంగా లేకపోతే సెబీ వారి స్కోర్స్ వేదికలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2023లో ఏర్పడిన స్మార్ట్ ఓడీఆర్ వేదిక ద్వారా ముందు రాజీ ప్రయత్నం, అది ఫలించకపోతే ఆర్బిట్రేషన్ జరుగుతాయి. ఇవన్నీ ఇంటర్నెట్ ద్వారానే నడుస్తాయి గనుక సరిహద్దు పల్లెవాసులు రాజధాని నగరాలకు ప్రయాణం చేయనక్కరలేదు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నేర్చిన కుటుంబాలకు ఆంగ్ల పత్రాలపై చదవకుండా సంతకం చేయడం అలవాటైపోయింది. హక్కులు, బాధ్యతల పత్రం ప్రాంతీయ భాషలలో ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో లభిస్తుంది. ఖాతా ఇప్పటికే ఉన్నవారు కూడా దానిని ఒకసారి చదివి, ఖాతా ఎవరి పేరిట ఉన్నదో, ఫోను ఎవరి చేతిలో ఉన్నదో సరిచూసుకోవలెను.